శుక్రవారం కిస్తీ

మా అత్తవారింట్లో నా పేరు కలిసొచ్చే పేరు. ఆ మాట మొదట అన్నది మా అత్తగారు. నేను కాపురానికి వచ్చిన ఏడాది అనకాపల్లి మార్కెట్లో బెల్లానికి మంచి ధర పలికిందట. మా వాళ్ల కమీషన్ కొట్టుకి ఎన్నేళ్లుగానో రాని బాకీలు కూడా ఆ ఏడే వసూలయ్యాయట. అందులో నేను చేసిందేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. చెరకు పండించింది కశింకోట రైతులు, బెల్లం వండింది వాళ్లే, అమ్మిపెట్టింది మా ఆయన. పేరు మాత్రం నాకొచ్చింది. అప్పుడు తెగ మురిసిపోయాను. కోడలు అడుగుపెట్టిన వేళ మంచిదంటే ఏ కొత్తకోడలు మురిసిపోదు? ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆ తరవాత ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా నా పేరు మీదే వచ్చింది. ముందు మా మరిదికి బైకు. తరవాత హాల్లోకి ఏసీ, దాంతోపాటు గోడంత టీవీ, రెండూ కలిపి ఒకే లోను. ఆ తరవాత కొట్టుకి బెల్లం దిమ్మలు మొయ్యడానికి చిన్న ట్రాలీ బండి. అన్నీ కిస్తీల మీదే. అన్నీ శుక్రవారమే కొన్నారు, లక్ష్మి ఇంట్లోకి రావలసిన రోజు కదా మరి. బైకు తోలేది మరిది, ఏసీ కింద పడుకునేది అత్తగారు, బండి తిప్పేది మా ఆయన. అప్పు మాత్రం నాది.

ఇందులో నా వంతు పని ఓటీపీ చెప్పడం. వంటింట్లో చపాతీ పిండి కలుపుతూ ఉంటే హాల్లోంచి మా ఆయన కేకేసేవారు.

"నీ ఫోనుకి నెంబరొచ్చింటాది చూడు. ఏటొచ్చిందో చెప్పు."

పిండి అంటని చిటికెన వేలితో ఫోను నొక్కి, ఆ ఆరంకెలూ గట్టిగా చదివేదాన్ని. దేనికని ఒక్కసారి అడిగితే నా సొమ్మేం పోయేది! అడగలేదు. సంతకాలూ అలాగే పెట్టాను. నా పేరున బ్యాంకులో ఒక ఖాతా ఉండేది, కిస్తీలన్నీ నెలనెలా అందులోంచి బ్యాంకువాళ్లే కోసుకుంటారని తెలుసు. ఆ ఖాతాలో డబ్బు వేసేదీ తీసేదీ మా ఆయనే, ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉండేది. నా పేరున్న కార్డు నా చేతిలో లేదేమిటని కూడా నాకు అనిపించలేదు.

నిజంగా నాది అనుకోవడానికి నాకున్నది ఒక్క గది. మార్కెట్ వెనక సందులో, పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. అద్దెది. అందులో ఒక పొడి మర, ఒక తూకం, కవర్లకి సీలు వేసే మిషను. మా కొట్టులో విరిగిపోయి ధర పలకని దిమ్మలు కొనుక్కుని, ఎండబెట్టి, పొడి కొట్టి, సొంఠీ యాలకులూ కలిపి ప్యాకెట్లు చేసేదాన్ని. మా కొట్టే కదా అని ఊరికే ఏమీ తెచ్చుకోలేదు, కిలోకింతని లెక్కకట్టి ఇచ్చేదాన్ని. ఆరేళ్లలో విశాఖపట్నంలో పదకొండు కొట్లు నా సొంఠి బెల్లం పెట్టుకునేవి. పొద్దున పది గంటలకి ఆ గది షట్టరు ఎత్తితే సాయంత్రం దాకా నన్ను వదినా, కోడలా, ఏమే అని పిలిచేవాళ్లు ఉండరు. ఆ సుఖం చెప్పినా మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

గది యజమాని రిటైరైన మేస్టారు. సబ్బవరంలో ఇల్లు కట్టుకుంటున్నానని, ఈ గది అమ్మేస్తానని ఒకరోజు వచ్చి చెప్పారు.

"ముందు నిన్నే అడగతన్నానమ్మా. ఆరేళ్లనించి అద్దె ఒక్క రోజు ఆలస్యం సెయ్యలేదు నువ్వు. నెల్లాళ్లు టైమిత్తాను, నువ్వే తీసుకో. నువ్వు కాదన్నాకే ఇంకోళ్లకి."

ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదన్న ఆ మాట పట్టుకునే నేను బ్యాంకుకి వెళ్లాను. నా ప్యాకెట్ల డబ్బు వేసుకునే వేరే ఖాతాలో నాలుగు లక్షలు ఉన్నాయి, ఇంకో ఎనిమిది కావాలి. ప్యాకెట్ల బిల్లులు, కొట్ల నుంచి డబ్బు పడిన కాగితాలు అన్నీ ఫైల్లో పెట్టుకున్నాను. లోన్లు చూసే ఆఫీసరు చిన్న అమ్మాయి, విశాఖపట్నం నుంచి రోజూ బస్సులో వస్తుందట. కాగితాలన్నీ చూసి బాగున్నాయంది. తరవాత కంప్యూటర్లో ఏదో కొట్టి, తెర నా వైపు తిప్పింది.

"మేడమ్, మీ క్రెడిట్ స్కోరు ఐదు వందల అరవై ఒకటి ఉంది. కనీసం ఏడు వందలు లేకపోతే నేను ఫైలు పైకి కూడా పంపలేను."

"నేనెవరికీ బాకీ లేనమ్మా," అన్నాను.

"బాకీ లేరు. మూడు లోన్లూ కడుతున్నారు. కానీ లేటుగా కడుతున్నారు. ఇదిగో చూడండి, ఈ నెల ముప్పై రోజులు లేటు, మళ్లీ ఇక్కడ లేటు, ఇక్కడ కూడా. కట్టడం వేరు, తారీఖుకి కట్టడం వేరు మేడమ్. స్కోరు చూసేది తారీఖునే."

రిపోర్టు ప్రింటు తీసి చేతికిచ్చింది. అందులో నా పేరు పక్కన ఎర్ర అంకెలు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరేళ్లు అద్దె తారీఖు తప్పని మనిషిని నేను! ఆ అమ్మాయి ముందు ఎగవేతదారులా కూర్చోవాల్సి వచ్చింది. మంచినీళ్లిచ్చింది. తాగకుండానే లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి గోడ మీది క్యాలెండర్లు దించాను. మా అత్తగారు పాత క్యాలెండర్లు పారెయ్యనివ్వరు, మూడేళ్లవీ ఒకే మేకుకి వేలాడుతుంటాయి. రిపోర్టులో లేటని ఉన్న ప్రతి నెలా వెతికాను. ఏసీ కిస్తీ ఐదో తారీఖు, బండిది ఏడు, బైకుది పది. ఒక ఐదో తారీఖు, శుక్రవారం. ఒక పదో తారీఖు, శుక్రవారం. ఏడో తారీఖు, అదీ శుక్రవారమే. మూడేళ్లలో తప్పిన కిస్తీలు పదహారు, పదహారూ శుక్రవారాలే. మామూలు రోజున ఒక్కటి తప్పలేదు.

అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో శుక్రవారం డబ్బు బయటికి ఇవ్వరు. పాలవాడు వచ్చినా శనివారం రమ్మంటారు. ఆ పద్ధతి నాకూ తెలుసు, నేనూ పాటించాను. కానీ బ్యాంకు ఖాతాకి కూడా ఆ పద్ధతి పెట్టారని నాకేం తెలుసు!

మా ఆయన భోజనానికి రాగానే రిపోర్టు కంచం పక్కన పెట్టాను.

"ఏటిది?"

"మీరే చెప్పండి. శుక్రవారం కిస్తీ ఉన్నప్పుడల్లా ఖాతాలో డబ్బులెందుకు లేవు?"

ఆయన ముద్ద కలపడం ఆపి వాళ్లమ్మ వైపు చూశారు. ఆవిడ కొంచెం కూడా తడబడలేదు.

"నేనే తీసెయ్యమన్నాను. గురువారం సాయంత్రం దీపాలెట్టకముందే తీసెయ్యమన్నాను. శుక్రారం పూట ఇంట్లో సొమ్ము ఎవుడో వచ్చి లాక్కుపోతే లచ్చిందేవి ఉంటాదా? అదీ నీ పేరు మీదున్న సొమ్ము. నీ మంచికే సేసేను."

నా మంచికే! ఒళ్లు మండిపోయింది.

"మరి శనివారం ఎందుకు కట్టలేదు అత్తయ్యా? శనివారం కూడా లక్ష్మి అలుగుతుందా?"

దీనికి మా ఆయన అందుకున్నారు. "బ్యాంకోడు తీసుకోలేదు కదా, అంచేత వచ్చే నెలదాంతో కలిపి కట్టేసేం. ఒక్క రూపాయి ఎగ్గొట్టేమా? మన దగ్గర పెట్టుబడి పట్టుకెళ్లిన రైతు నెలనెలా కడతన్నాడా? బెల్లం వచ్చేక, సీజనుకి ఇత్తాడు. మనం ఏటైనా అంటున్నామా? లేటయితే ఏటయ్యింది, వడ్డీ వేసుకుంటాడు."

"ఆ రైతు మొహం మీకు తెలుసు. వాళ్ల నాన్న మొహం మీ నాన్నకి తెలుసు. ఆ కంప్యూటరుకి మీ మొహం తెలుసా? దానికి తెలిసింది నా పేరొక్కటే. మీరు శుక్రవారం దాచిన లక్ష్మి శనివారం జరిమానాతో సహా వెళ్లిపోయింది, చూశారా? ఒక్కో బౌన్సుకి ఎంత కోశారో చూడండి! పోయింది ఎవరి సొమ్ము? పోయింది ఎవరి పేరు?"

"అరవకే, పక్కోళ్లు వింటారు," అన్నారు.

విననీ అన్నాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదలు. కంచం ముందు కూర్చుని ఆయన ముద్ద కెలుకుతూ ఉండిపోయారు. సాంబారు చల్లారిపోయింది. నేను వేడి చెయ్యలేదు.

నెల్లాళ్ల గడువు మంచులా కరిగిపోయింది. గది తాళంచెవి పట్టుకుని మేస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయనే అర్థం చేసుకుని, "పోన్లేమ్మా," అన్నారు. గది ఫోన్లు అమ్మే కొట్టతను కొన్నాడు. నా పొడి మర, తూకం, సీలు మిషను మా ట్రాలీ బండిలోనే ఇంటికొచ్చాయి. నా పేరు మీద ఉన్న, నా గది పోవడానికి కారణమైన ఆ బండిలోనే! ఇంటి వెనక రేకుల షెడ్డు కింద పెట్టుకున్నాను. వానాకాలం బెల్లం చెమ్మగిల్లి ముద్దయిపోయేది, చీమలు బారులు కట్టేవి. పదకొండు కొట్లలో నాలుగు మానేశాయి. మార్కెట్‌కి వెళ్లేటప్పుడు ఆ సందు వైపు తల తిప్పేదాన్ని కాదు. ఏడుపు కాదు వచ్చేది, కోపం.

రిపోర్టు మీద గొడవైన మర్నాడే మా ఆయన జేబులోంచి నా ఏటీఎం కార్డు తీసుకున్నాను. అడిగి కాదు, చొక్కా హ్యాంగరుకి ఉండగానే తీసుకున్నాను. బ్యాంకుకి పోయి పిన్ను మార్చాను. మళ్లీ ఆ ఆఫీసరమ్మాయి దగ్గరికే వెళ్లి, పోయిన పేరు తిరిగి రావాలంటే ఏం చెయ్యాలో చెప్పమన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "టైము పడుతుంది మేడమ్, ఓపికుందా?" అంది. నాకు ఓపిక లేదు, పంతం ఉంది అన్నాను.

ఆ అమ్మాయి చెప్పినట్టే చేశాను. నాలుగు లక్షల్లోంచి ముందు ఏసీ లోను మొత్తం తీర్చేశాను, ఆ ఏసీ గాలి నేనెప్పుడూ పీల్చలేదు కాబట్టి ఇంకా మండుకొచ్చింది. అప్పు తీరినట్టు కాగితం అడిగి తీసుకుని, రిపోర్టులో ముగిసినట్టు పడిందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. ఇంకో ముప్పై వేలు డిపాజిట్ వేస్తే, దాని మీద ఒక క్రెడిట్ కార్డు ఇచ్చారు. దాంతో యాలకులూ కవర్లూ తప్ప ఏమీ కొనలేదు. ఇచ్చిన లిమిట్లో పావు వంతు దాటనివ్వలేదు. కనీసం ఇంత కడితే చాలు అని బిల్లు మీద చిన్న అంకె ఒకటి ఉంటుంది చూడండి, అది మోసం. మొత్తం కట్టేదాన్ని, తారీఖుకి నాలుగు రోజుల ముందే. బండికీ బైకుకీ కిస్తీ డబ్బులు మా ఆయన దగ్గరా మరిది దగ్గరా ఒకటో తారీఖునే వసూలు చేసేదాన్ని. ఇవ్వకపోతే బండి తాళంచెవి నా కొంగున ఉండేది.

ఇలా ఉండగా మా మరిది ఎవడినో వెంటబెట్టుకొచ్చాడు. "వదినా, ఈయన పదిహేను వేలకి పాత రికార్డంతా తుడిపేత్తాడంట." ఆ వచ్చినవాడు నా ఆధార్, నా పాస్‌వర్డు అడిగాడు. తప్పుగా పడ్డవైతే దిద్దిస్తారు, నిజంగా చేసిన ఆలస్యాన్ని ఎవడూ తుడవలేడని ఆఫీసరమ్మాయి ముందే చెప్పింది. నా చేతిలో చీపురుంది. వాడు చెప్పులేసుకోవడం కూడా మర్చిపోయి గేటు దాటాడు, మళ్లీ వెనక్కొచ్చి వేసుకుని వెళ్లాడు.

మొదటిసారి శుక్రవారం కిస్తీ వెళ్లిన రోజు మా అత్తగారు అన్నం తినలేదు. ఫోనుకి మెసేజ్ వచ్చిన చప్పుడు వినగానే, "పోయిందా?" అన్నారు. పోయిందండీ అన్నాను. దేవుడి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. మా ఆయన నన్ను బతిమాలుతున్నట్టు చూశారు. నేను షెడ్డులోకి వెళ్లి మర వేశాను. సాయంత్రం దాకా చూసి ఆవిడే లేచి ఉప్మా చేసుకుని తిన్నారు. ఆ నెల కొట్టుకి నష్టమేమీ రాలేదు, కానీ ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

ఐదు వందల అరవై ఒకటి నుంచి ఆరు వందలు దాటడానికి ఏడాది పట్టింది. ఒక నెల పదకొండు పెరిగేది, ఇంకో నెల మూడు తగ్గేది, ఎందుకో తెలిసేది కాదు. తగ్గిన రోజు ఎవరు పలకరించినా కరిచేదాన్ని. రెండేళ్ల నాలుగు నెలలకి ఏడు వందల నలభై ఎనిమిది చూశాను.

అదే నెలలో ఫోన్ల కొట్టతను సామాను సర్దేస్తున్నాడని తెలిసింది. నా గది మళ్లీ అమ్మకానికొచ్చింది, లక్షన్నర ఎక్కువకి. ఎక్కువైనా సరే అన్నాను, ఏసీకి పోసింది ఈ రెండేళ్లలో ప్యాకెట్ల మీద మళ్లీ కూడబెట్టాను. ఫైలు పట్టుకుని వెళ్తే ఆఫీసరమ్మాయి స్కోరు చూసి లేచి నిలబడి చెయ్యి కలిపింది. "వచ్చే సోమవారం సంతకాలు మేడమ్. ఆ రోజు ఇంకోసారి రిపోర్టు తీస్తాం. అప్పటిదాకా ఎక్కడా కొత్త లోనుకి అడగొద్దు. పెద్ద లోను ఏదైనా పడిందంటే ఇది ఆగిపోతుంది."

ఆ సంతోషంలో నేను చేసిన పొరపాటు ఒక్కటే. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను, గది సంగతీ, స్కోరు సంగతీ.

శుక్రవారం పొద్దున్న నేను షెడ్డులో సొంఠి దంచుతున్నాను. హాల్లో సందడిగా ఉంది. మరిది ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నా ఫోను టింగుమంది. ఆరంకెలు. కింద సన్నక్షరాలతో, కారు లోను దరఖాస్తు, తొమ్మిది లక్షల ఇరవై వేలు.

హాల్లోంచి మా ఆయన కేక. "నీ ఫోనుకి నెంబరొచ్చింటాది చూడు. ఏటొచ్చిందో చెప్పు."

సరిగ్గా అవే మాటలు! చెయ్యి కడుక్కోకుండానే లోపలికి వెళ్లాను. పళ్లెంలో నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కొత్త కారు చక్రాల కింద పెట్టడానికి. అత్తగారు పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. నా ఆధార్, పాన్ జిరాక్సులు బల్ల మీద ఉన్నాయి. మరిది, "వదినా, తొందరగా సెప్పు, షోరూమోడు లైన్లో ఉన్నాడు," అన్నాడు.

"నా గది సంగతి మీకు తెలుసు కదండీ," అని మా ఆయన్ని అడిగాను.

"గదెక్కడికి పోతాది? ఆర్నెల్లాగి కొందాం. ఇలాటి శుక్రారం మళ్లీ రాదంట, పంతులుగారు చెప్పేరు. పైగా నీ స్కోరు బాగుంది కదా, వడ్డీ తక్కువ పడతాది."

నా స్కోరు బాగుందట! అది బాగవడానికి రెండేళ్ల నాలుగు నెలలు చీమలతో కాపురం చేసింది ఎవరు? తిట్టాలని నోటిదాకా వచ్చింది. చాలా తిట్లు వచ్చాయి. అన్నీ మింగేశాను, ఎందుకంటే అంతకంటే మంచి మాట గుర్తొచ్చింది. అత్తగారి వైపు తిరిగాను.

"అత్తయ్యా, ఇవాళ ఏ వారం?"

"శుక్రారం. అందుకే కదా..."

"శుక్రవారం పూట ఇంట్లో లక్ష్మిని బయటికి ఇవ్వకూడదని మీరే కదా చెప్పారు. ఈ ఇంట్లో నాకున్న లక్ష్మి ఈ నెంబరొక్కటే. ఇవ్వను."

ఆవిడ నిమ్మకాయల పళ్లెం తన వైపు లాక్కున్నారు. మరిది ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నన్ను చూస్తూ ఉండిపోయాడు. అవతల షోరూమతను హలో హలో అంటున్నాడు. నేను కుర్చీ లాక్కుని వాళ్ల మధ్యనే కూర్చున్నాను, సొంఠి చేతులతో, ఫోను ఒళ్లో పెట్టుకుని. ఆ నెంబరుకి గడువు పది నిమిషాలే. పది నిమిషాలయ్యాక ఆ ఆరంకెలూ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. బల్ల మీది జిరాక్సులు తీసుకుని లేచాను.

సోమవారం బ్యాంకులో సంతకాలు పెట్టాను. ఒక్కోటీ చదివి పెట్టాను, గంటన్నర పట్టింది. ఇప్పుడు పొద్దున పది గంటలకి నా గది షట్టరు నేనే ఎత్తుతున్నాను. మా ఆయన అప్పుడప్పుడు, ఊరికే అడుగుతున్నట్టుగా అడుగుతారు, నీ స్కోరు ఇప్పుడెంతుందని.

చెప్పను.